స్నానపు గదికి నీరింకని గచ్చు



ఇల్లు కట్టునపుడు మనమందఱము పైకప్పును గూర్చి మిక్కిలి ఆలోచింతుము. వాన కాఱకుండవలెనని మేస్త్రిని పదిసారులు హెచ్చరింతుము. వాన కురియునది ఏటికి కొలది మాసములు మాత్రమే. స్నానపు గదిలోనన్ననో ప్రతిదినమును వానయే. ఒక్కొక్కరు 30 లీటర్ల నీటితో స్నానమాడినను, ఐదుగురున్న ఇంటిలో దినమునకు 150 లీటర్లు, ఏడాదికి 54,750 లీటర్లు ఆ చిన్న గచ్చుపై పడుచుండును. అందులో వందవపాలు క్రిందికి ఇంకినను 547 లీటర్లు మన పునాదిలోనికి దిగినట్లే. కనుక నేడు నీరింకని గచ్చును వేయు విధానమును మనవి చేసెదను.

ముందుగా మా యింటి సంగతి వినుడు. కొన్నియేండ్ల క్రిందట ధాన్యపుగదిని ఆనుకొని స్నానపు గది కట్టించితిని. నున్నని పలకలు పరపించి, సందులు సిమెంటుతో మూయించి, ఇంక భయము లేదనుకొంటిని. రెండేండ్లు గడచునప్పటికి ధాన్యపుగది గోడ అడుగున సున్నము పెచ్చులుగా రాలసాగెను. తెల్లని ఉప్పు పొంగెను. చెదలు పట్టెను. విత్తనమునకు దాచిన వడ్లు బూజుపట్టి మొలకెత్తకపోయెను. కప్పు కాఱుచున్నదని తలచి పెంకులు తిరుగవేయించితిని. ఫలము కలుగలేదు. తుదకు పలకలు పెఱికి చూచినచో క్రింది ఇసుక బురదయై యుండెను. ఆ యేడు విత్తనములు కొనితెచ్చుకొనవలసి వచ్చెను.

నేను చేసిన పొరపాటు యేమి? పై పలకయే నీటిని ఆపునని నమ్ముట. పలకల సందులలో పూసిన సిమెంటు నీటిని కొంచెము కొంచెముగా పీల్చుచునే యుండును. ఆ నీరు గోడలోని సన్నని రంధ్రముల వెంట పైకిని ఎగబ్రాకును. పై పలక నడచుటకును, కడుగుటకును. నీటిని ఆపవలసినది దాని క్రింది పొర.

ఈ సంగతి మన పూర్వులెఱుగనిది కాదు. ఇప్పుడు పాకిస్థానులో నున్న మొహెంజోదారోలో 1925-26 సంవత్సరములలో త్రవ్వకములందు ఒక గొప్ప స్నానవాటిక బయల్పడెను. దాని పొడవు సుమారు 39 అడుగులు, వెడల్పు 23 అడుగులు, లోతు 8 అడుగులు. నాలుగువేల యేండ్లకు పూర్వపు ఆ పనివారు ఇటుకలను దగ్గఱదగ్గఱగా పేర్చి, ఆ గోడ వెనుక తారుపొరను పెట్టి, దానికి వెలుపల మరల ఇటుకలు కట్టిరి. నీటినాపు పొర నడుమ దాగి, దెబ్బ తగులకుండ నుండుటయే దాని రహస్యము. మన దేశమున తరువాతి కాలమందు సున్నమును, ఇటుకపొడిని గానుగలో నూఱి, కరక్కాయ, బెల్లపు నీరు చేర్చి దిట్టమైన గచ్చులు వేసిరి. ఇప్పుడు సిమెంటు వాడుచున్నాము. వస్తువు మాఱినను సూత్రము మాఱలేదు.

ఇక పని క్రమము. మొదట నీరు పోవు తూము మట్టమును నిర్ణయింపుడు. నేల నల్లరేగడియైనచో అది తడిసి ఉబ్బును, ఎండి బీటలువాఱును. గచ్చును పగులగొట్టును. కావున రెండడుగులైనను త్రవ్వితీసి, ఇసుకగాని మొరముగాని నింపి, నీరు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టింపుడు. దానిపై సిమెంటు ఒకపాలు, ఇసుక నాలుగుపాళ్లు, కంకర ఎనిమిదిపాళ్లు కలిపి నాలుగంగుళముల మందమున వేయింపుడు.

వాలును ఇక్కడనే ఏర్పఱుపవలెను. అడుగునకు పావంగుళము చొప్పున, నాలుగడుగులకు ఒక అంగుళము వాలు తూమువైపున కుండవలెను. పైపొరలోనే వాలు పెట్టి క్రిందిది సమముగా విడిచినచో, దిగిన నీరు అక్కడనే నిలిచి మురుగును. గోడయు నేలయు కలియు మూలలను కోణముగా విడువక, సిమెంటు ఒకటికి ఇసుక మూడుపాళ్లు కలిపి గుండ్రముగా తీర్పింపుడు. పగుళ్లు సాధారణముగా పుట్టునది ఆ మూలలందే. ఈ పనిని ఏడుదినములు తడుపుచుండవలెను. సిమెంటు గట్టిపడుట ఎండుటచేత కాదు, నీటితో కలిసి మాఱుటచేత.

తరువాత నీటినాపు పొర. సిమెంటుతో పాలిమరు ద్రవమును కలిపి పూయు పూతలు నేడు పట్టణములలో దొరకుచున్నవి. డబ్బాపై వ్రాసిన కొలతలనే పాటింపుడు. మొదటి పూత ఆఱిన పిమ్మట రెండవదానిని అడ్డముగా పూయవలెను. మూలలలో గాజునార వలను పూతలో అదిమింపుడు. ఈ పూత నేలతో ఆగక, గోడలపై ఒక అడుగు ఎత్తువఱకును, గడపమీదుగను పోవలెను. తూము మూతితో బాగుగా అతుకుకొనవలెను. పైపొర దాటి దిగిన నీరు గొట్టములోనికి జాఱుటకు తూము చుట్టును, పూత మట్టమున, సన్నని రంధ్రములు విడిచి, వానిచుట్టు చిన్న గులకలు పోయింపుడు.

పూత బాగుగా ఆఱినపిదప తూమును, ఆ రంధ్రములను బిగించి, రెండంగుళముల నీరు నింపి, గోడపై గీత గీసి, ఒక పగలు ఒక రాత్రి వేచియుండుడు. మఱునాడు నీరు గీత దిగి తగ్గినదా, ఆవలి గోడ చెమర్చినదా అని చూడుడు. లోపమున్నచో అప్పుడే సరిదిద్దుట సులభము. మేస్త్రి తొందరపెట్టినను ఈ పరీక్ష మానకుడు. ఇది నేను చేయింపనందుననే మా వడ్లు పోయినవి.

పరీక్షలో నిలిచిన పూతపై ఒకటిన్నర అంగుళముల సిమెంటు గచ్చు వేసి, దానిపై రాళ్లు పరపవలెను. వాలు మరల రసమట్టముతో చూడుడు. అటుపై ఎవ్వరును అక్కడ మేకు కొట్టరాదు.

ఒక్కమాట మనవంటి వయసువారికై. నున్నని పలక కంటికింపు, కాలికి శత్రువు. తడినేలపై జాఱి తుంటియెముక విఱిగిన ముదుసలి మరల లేచి నడచుట కష్టము. గరుకుగా చెక్కిన కడపరాయి పరపింపుడు. గడప ఎత్తు పెంచుటకంటె లోపలి నేలను రెండంగుళములు దింపుట మేలు. పట్టుకొనుటకు గోడకు ఒక గట్టి కమ్మీని ముందే అమర్పింపుడు.

వెలుపలికి పోవు నీటిని వీధిలోనికి విడువకుడు. నిలిచిన మురుగులో దోమలు పెరుగును. గొట్టమున ఎల్లప్పుడు కొంత నీరు నిలుచు వంపు పెట్టించినచో దుర్గంధము లోనికి రాదు. ఆ నీటిని అరటిపాదులకు పాఱింపుడు. ఇంకుడుగుంట త్రవ్వినచో మంచినీటి బావికి ఏబది అడుగులైనను దూరముండనిండు.

ఇంటిలో కనబడని పనికి చేసిన వ్యయము వృథాయని కొందఱందురు. మా ధాన్యపుగదిని ఒకసారి చూచినచో అట్లనరు. తిరిగి వేసిన గచ్చు నేటికిని చెమర్పలేదు. గోడ పొడిగా నున్నది, విత్తనములు మొలకెత్తుచున్నవి. మీ యిండ్లలో గచ్చు వేయునాడు, పై పలకను ఎంచుటకు ముందు క్రింది పొరను తలచుకొనుడు. సెలవు.