బ్యాటరీల నుంచి టీకా దాకా

మేడ్చల్ దగ్గర టీకాలు తయారుచేసిన శాంతా బయోటెక్నిక్స్‌ను 1993లో స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు జీవశాస్త్రవేత్త కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. రక్షణ పరిశోధనశాలలో పనిచేశారు, తర్వాత బ్యాటరీల పరిశ్రమలోకి వెళ్లారు. అప్పట్లో విదేశీ హెపటైటిస్-బి టీకా డోసు వందల రూపాయలు పలికేది. మామూలు కుటుంబానికి అందేది కాదు. టీకా తయారీ ఆయన చదివిన చదువు కాదు. తెలిసినవాళ్లను కూడగట్టడం, పెట్టుబడి తేవడం, ఫలితం కోసం ఏళ్లపాటు ఓర్చుకోవడం మాత్రం పాత ఉద్యోగాల్లోనే అబ్బాయని నా నమ్మకం. 1997లో ఆయన కంపెనీ నుంచి శాన్‌వాక్-బి వచ్చింది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకా అదే. వృత్తి మారినవాణ్ని నిలకడ లేనివాడనడం అన్యాయం. బయోటెక్ కంపెనీలుండే శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్వ్యూలో మీ పాత పనులను దాచకండి, ముందుగా వాటి గురించే చెప్పండి.