నూలుపోగుల కంచె



1979లో కె. బాలచందర్ గారు తీసిన 'గుప్పెడు మనసు' మీలో చాలామంది చూసే ఉంటారు. కథ మరిచినవారికైనా అందులో బాలమురళీకృష్ణ గారు పాడిన పాట గుర్తుండే ఉంటుంది. తమిళంలో ఆ సినిమా పేరు 'నూల్ వేలి', అంటే నూలు కంచె. నాకు ఆ పేరే ఎక్కువ నచ్చింది.

శరత్ బాబు, సుజాత అన్యోన్యమైన దంపతులు. వాళ్ళ నీడన చేరిన పడుచుపిల్ల సరిత. ఒకనాడు నిగ్రహం తప్పి ఆ కంచె కాస్తా తెగుతుంది.

మా వర్నిలో పక్కింటి వదినగారూ నేనూ టీవీలో చూశాం. "పరాయి పిల్లను ఇంట్లో పెట్టుకోవడమే తప్పు" అన్నారావిడ. నాకు ఒళ్ళు మండింది. పెద్దవాడు, పెళ్ళయినవాడు, ఆశ్రయమిచ్చినవాడు. మనసు అదుపులో పెట్టుకోవలసింది ఆయన కాదూ? గట్టిగానే వాదించాను.

వాదించానే గాని, అప్పట్లో మా అక్కకూతురు మా ఇంట్లోనే ఉండి బోధన్‌లో ఇంటర్ చదువుతోంది. మర్నాడు మావారు పొలం నుంచి రాగానే ఎప్పటిలాగే ఆ పిల్ల చాయ్ గ్లాసు పట్టుకెళ్ళబోయింది. "నువ్వు చదువుకో, నేనిస్తాలే" అని లాక్కున్నాను. వారం రోజులూ అదే వరస. మావారి మొహంలోకి దొంగచూపులు కూడా చూశాను. అక్కడేముందీ, పొలం అలసట తప్ప! మరి వదినగారికీ నాకూ తేడా ఏమిటి?

ఆదివారం జడ వేస్తుంటే అద్దంలోంచి నన్నే చూస్తూ, "చిన్నమ్మా, నేనేమన్నా తప్పు చేసిన్నా?" అంది. చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"లేదు బిడ్డా" అన్నాను. జడ ముగించి, "పో, చిన్నాయనకు చాయ్ ఇచ్చి రా" అన్నాను.