సముద్రం మీద పని చేయాలంటే ఫారిన్ వెళ్లాలా? ముందు ప్రగతినగర్ వెళ్దాం!

ఇవాళ మనం సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఉన్నాం. వెనకాల సౌండ్ కొంచెం ఎక్కువే ఉంటుంది, అడ్జస్ట్ అయిపోండి.

ఈ మధ్య చాలామంది ఒకే మెసేజ్ పెడుతున్నారు. "అన్నా, బీటెక్ అయిపోయింది. సాఫ్ట్‌వేర్ కాకుండా పర్యావరణం, సముద్రం లాంటి వాటి మీద ఫారిన్‌లో పని చేయాలని ఉంది. లోన్ తీసుకుని వెళ్లిపోనా?" అని. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు, సముద్ర పాలసీ అంటే ఏంటి? మార్కెట్‌లో ఉన్నాం కాబట్టి చేపతోనే చెప్తా. రవ్వ, బొచ్చె చెరువు చేపలు. వంజరం, చందువ సముద్రం చేపలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే టైమ్ అది. ఆ 61 రోజులు వేట ఆపితేనే తర్వాత వలలో చేప పడుతుంది. కానీ ఆ రెండు నెలలు మత్స్యకారుడి ఇల్లు ఎలా గడవాలి? ఈ రెండు ప్రశ్నలకీ కలిపి జవాబు వెతకడమే పాలసీ.

ఇంకో ఉదాహరణ మీకు తెలిసిందే. 'తండేల్' సినిమా చూశారు కదా? దాని వెనక నిజంగా జరిగిన సంగతి ఉంది. శ్రీకాకుళం జిల్లా డి. మత్స్యలేశం, ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు గుజరాత్ వెళ్లి, అక్కడి బోట్లలో పని చేస్తూ 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. నీళ్ల మీద గీత కనపడదు. కానీ ఆ గీత దాటినందుకు ఏడాదికి పైగా జైలు. ఇలాంటి గీతలకి సంబంధించిన రూల్స్ అంతర్జాతీయ ఒప్పందాల్లో ఉంటాయి. ఆ ఒప్పందాలు రాసే గదిలో మత్స్యలేశం గురించి తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలా, వద్దా? మీరు ఫారిన్ వెళ్లాలనుకోవడానికి నాకు కనపడే అసలు కారణం ఇదే. శాలరీ దాని తర్వాత.

పని కూడా పెరుగుతోంది. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలో జీవజాలాన్ని కాపాడే ఒప్పందానికి 2023 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదం దొరికింది. 2024 సెప్టెంబర్‌లో ఇండియా సంతకం పెట్టింది. 2026 జనవరి 17న అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఏ ప్రాంతాన్ని రక్షించాలి, ఎవరు నిఘా పెట్టాలి, డేటా ఎవరిస్తారు అనేవన్నీ తేలాలి. డేటా అన్నాను, గమనించారా? అక్కడే బీటెక్ వాళ్లకి చోటుంది.

సరే, దారులేంటి? స్వీడన్‌లోని మాల్మోలో వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1983లో పెట్టింది. సముద్ర పాలన మీద అక్కడ పీజీ చేయొచ్చు, ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి. యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజూ, ఖర్చులూ వాళ్లవే. ఇంకోటి ఐక్యరాజ్యసమితి - నిప్పన్ ఫౌండేషన్ ఫెలోషిప్. తొమ్మిది నెలలు. కొంతకాలం ఒక యూనివర్సిటీలో, కొంతకాలం న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి సముద్ర విభాగంలో. వినడానికి సూపర్‌గా ఉంది కదా? కానీ షరతు చూడండి. సొంత దేశంలో ప్రభుత్వంలోనో, దానికి సంబంధించిన సంస్థలోనో సముద్రం మీద ఇప్పటికే పని చేస్తూ ఉండాలి.

అంటే ఇంట్లో గెలిచి రచ్చ గెలవాలన్నమాట!

మరి ఇంట్లో ఎక్కడ? బీచ్ లేని మన హైదరాబాద్‌లోనే. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో మొదలైంది. శాటిలైట్ డేటాతో సముద్రం వేడి, నీటిలోని పచ్చదనం చూసి, చేప ఎక్కడ దొరకొచ్చో తెలుగులో కూడా మత్స్యకారులకి చెప్తుంది. 2004 సునామీ తర్వాత, 2007లో ఇక్కడే సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకి కూడా హెచ్చరికలు ఇక్కణ్నుంచి వెళ్తాయి. యునెస్కో గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రం కూడా అదే క్యాంపస్‌లో ఉంది. అంటే మనం ఫారిన్ అనుకుంటుంటే, ఫారిన్ వాళ్లు నేర్చుకోడానికి మన ఊరికొస్తున్నారు.

ఒక మనిషి దారి చెప్తా. తుమ్మల శ్రీనివాస కుమార్ గారు. ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల మీద ఏళ్ల తరబడి పని చేశారు. తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, యునెస్కో తరఫున హిందూ మహాసముద్ర సునామీ వ్యవస్థ సచివాలయానికి హెడ్‌గా ఉన్నారు. మళ్లీ వచ్చి 2020లో ఇన్‌కాయిస్‌కే డైరెక్టర్ అయ్యారు. ఆయన్ని పెర్త్ తీసుకెళ్లింది హైదరాబాద్‌లో చేసిన పనే.

అందుకని లోన్ పేపర్ల మీద సంతకం పెట్టే ముందు ఒక్క ఏడాది ఇలా చేయండి. పైథాన్ వచ్చు కదా, దానికి తోడు క్యూజీఐఎస్ నేర్చుకోండి, ఫ్రీ. ఇన్‌కాయిస్‌లో గానీ, చెన్నైలోని ఎన్ఐఓటీలో గానీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సముద్ర శాస్త్ర విభాగంలో గానీ ప్రాజెక్ట్, ఇంటర్న్‌షిప్ అవకాశాలు చూస్తూ ఉండండి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం నెట్‌లో ఉంది, రోజుకి రెండు పేజీలు చదవండి. వారం రోజులు ఏదైనా మత్స్యకార గ్రామంలో ఉండి, వాళ్లు చెప్పేది వినండి.

ఏడాది తర్వాత కూడా మనసు అటే లాగుతుంటే ధైర్యంగా అప్లై చేయండి. అప్పుడు "నాకు సముద్రం అంటే ఇష్టం" అని కాకుండా "నేను సముద్రం మీద ఈ పని చేశాను" అని రాయొచ్చు. సెలెక్ట్ చేసేవాళ్లు చూసేది ఆ రెండో లైనే.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఇదే డైలమాలో ఉంటే ఇది పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.