ఆజ్ఞ, హింస, ధర్మం

ఈ బెంగళూరులో ఎందరో తెలుగు విద్యార్థులకు శాబరభాష్యం పాఠం చెప్పిన గురువుగారి స్మృతిలో మాట్లాడమన్నారు. ఆయన పదేపదే అడిగే ప్రశ్ననే ఎత్తుకుంటాను. దేవుడో వేదమో చెయ్యమంటే, సాటి ప్రాణికి కీడు చేసే పని ధర్మమవుతుందా?

దేవతలు మెచ్చారు కనకే అది మంచిదా అని అడిగే ప్లేటో సంవాదం, దేవుడు చెప్పాడని కొడుకును బలివ్వబోయిన అబ్రహాం కథ మీకు తెలిసినవే. యజ్ఞాల్లో పశువధపై జైన, బౌద్ధుల విమర్శా తెలిసిందే. సూటిగా, వేదవిధులను విచారించే మీమాంసా సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి దగ్గరికి వెళ్తాను.

వేదంలో శ్యేనయాగం ఉంది. శత్రువు చావు కోరేవాడు చేసేది. వేదమే ప్రమాణమనే మీమాంసకుడికి ఇదీ ధర్మం కావాలి. శబరుడు కాదన్నాడు. దాని ఫలం హింస, హింస నిషిద్ధం. చంపాలన్న కోరిక ముందే ఉన్నవాడికి వేదం ఉపాయం చూపిందే తప్ప, చంపమని విధించలేదన్నాడు. కోరిక మనిషిదైతే దోషమూ అతనిదే.

మరి సోమయాగంలో బలిచ్చే అగ్నీషోమీయ పశువు? ఆ వధ యాగంలో అంగం, విశేష విధి ముందు సామాన్య నిషేధం నిలవదు, కనక దోషం లేదన్నాడు మీమాంసకుడైన కుమారిలుడు. సాంఖ్యులు ఒప్పుకోలేదు. సాంఖ్యతత్త్వకౌముదిలో వాచస్పతి మిశ్రుడి వాదం చూడండి. ఒక వాక్యం హింస కీడు తెస్తుందంటోంది, ఇంకోటి పశువధ యాగానికి పనికొస్తుందంటోంది. రెండింటికీ విరోధమెక్కడ? పనికొచ్చినంత మాత్రాన కీడు పోదు. దీన్ని మించిన జవాబు నేను ఎక్కడా చదవలేదు.

మీమాంసలో ధర్మమంటే ఆజ్ఞాపాలనేననీ, కీడుమేళ్ల విచారణ మనకు పడమటి నుంచి వచ్చిందనీ రాసే పండితులతో నాకు ఇక్కడే పేచీ. కుమారిలుడి ఒక్క వాదాన్ని శాస్త్రమంతటికీ అంటగడుతున్నారు వాళ్లు. ఆజ్ఞే చాలితే శ్యేనం దగ్గర శబరుడికి అంత ఇబ్బంది ఎందుకు? యాగకర్మ అశుద్ధమన్న ఆక్షేపణను బ్రహ్మసూత్రాలు (3.1.25) ఎందుకు ఎత్తుకున్నాయి? ఆ సూత్రానికి భాష్యంలో రామానుజులు, పశువు స్వర్గానికి పోతుంది కనక ఆ వధ వైద్యుడి చికిత్స వంటిదన్నారు. నాకు ఆ సమాధానం రుచించదు. కానీ పశువుకు మేలు జరుగుతుందని చూపించవలసి వచ్చిందంటే, ఆజ్ఞ ఒక్కటే చాలదని ఆయనకూ అనిపించినట్టే కదా! మధ్వ సంప్రదాయమైతే పశువు బదులు పిండిబొమ్మనే పెట్టింది.

ఈ ప్రశ్న యాగాలతో ఆగిపోదు, ఆడపిల్లలను దేవతకు వదిలే ఆచారం దగ్గరా ఇదే ప్రశ్న. 1909లో మైసూరు ప్రభుత్వం గుళ్లలో దేవదాసీల సేవను ఆపేసింది. కర్ణాటకలో 1982లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో నిషేధ చట్టాలొచ్చాయి. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం, అలా దేవతకు వదిలిన జోగినుల మధ్య పనిచేశారు. పిల్ల జుట్టు జడలు కడితే ఎల్లమ్మ దేవత పిలిచిందన్నారు, జోగినిగా వదిలారు. ఆ తర్వాత ఆ పిల్లను అనుభవించింది ఊరి పెత్తందార్లు. శబరుడి లెక్కలో చూస్తే కోరిక వాళ్లది, దోషమూ వాళ్లదే. అమ్మవారి పేరు చెప్పినందుకు అందులో రవ్వంత కూడా తగ్గదు.

ఎక్కడైనా పిల్లను దేవతకు వదులుతున్నారని తెలిస్తే, అది వాళ్ల ఆచారమని ఊరుకోకండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి.