కాలేయంలో మొదలై కంటి వెనుకకు



ఒక మనిషికి ముక్కులోనుంచి పదేపదే రక్తం కారుతుంది. కొన్నాళ్లకు చెంప మొద్దుబారుతుంది, కనురెప్ప వాలిపోతుంది, ఒకే వస్తువు రెండుగా కనబడుతుంది. స్కానింగ్ తీస్తే ముక్కు చుట్టూ ఉండే సైనస్ గదుల్లోనూ, మెదడును మోసే పుర్రె అడుగు ఎముకలోనూ గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే అది కాలేయ క్యాన్సర్! ఇలా జరగడం చాలా అరుదు. ఈ క్యాన్సర్ మామూలుగా ఊపిరితిత్తులకు, ఎముకలకు పాకుతుంది. అయినా కడుపులో ఏ బాధా తెలియకముందే ముక్కులో బయటపడిన సందర్భాలను వైద్యులు రాసిపెట్టారు.

ఈ వార్త సంఘానికి తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "తాగేవాడా?" యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగినది కూడా ఇలాంటిదే. మద్యం ఒక కారణమే, కాదనను. కానీ ప్రపంచం మొత్తంమీద పెద్ద కారణం హెపటైటిస్ బి వైరస్. చాలామందికి అది కాన్పు సమయంలో తల్లినుంచే వస్తుంది. పాపం, ఆ తల్లికీ తెలియదు. దశాబ్దాలపాటు అది లోపల నిశ్శబ్దంగా ఉంటుంది. చుక్క ముట్టని సహోదరుణ్ణి ఆ ప్రశ్నతో ఎంత గాయపరుస్తున్నామో!

పుర్రె అడుగుకు చేరాక పూర్తిగా నయం కావడం సాధారణంగా సాధ్యం కాదు. కానీ బాధ తగ్గించవచ్చు. రేడియేషన్ నొప్పిని, రక్తం కారడాన్ని తగ్గించగలదు. మార్ఫిన్ మాత్రలున్నాయి, అవి రోగులకు సులువుగా అందాలని 2014లో చట్టాన్నే సవరించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకోసమే ఉపశమన చికిత్స విభాగం ఉంది. మార్ఫిన్ వాడటం అవిశ్వాసమని కొందరంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. నొప్పితో మెలికలు తిరిగేవాడు ప్రార్థన ఎలా చేస్తాడండీ?

పరామర్శకు వెళ్లినప్పుడు బైబిలు ఆయన చేతికివ్వకండి. అక్షరాలు రెండుగా కనబడతాయి. దగ్గర కూర్చుని మీరే చదివి వినిపించండి.

తిరిగి వచ్చేముందు ఆయన భార్యను, పిల్లలను, తోబుట్టువులను ఒక మాట అడగండి: హెపటైటిస్ బి రక్తపరీక్ష చేయించుకున్నారా? తైవాన్ 1984లో పసిబిడ్డలకు ఈ టీకా మొదలుపెట్టింది. ఆ తరం పిల్లల్లో కాలేయ క్యాన్సర్ బాగా తగ్గింది. మన ప్రభుత్వం 2011లో దేశమంతటికీ విస్తరించింది. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. మీ ఇంట కాన్పు ఉంటే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు వేయించండి.