నెమరు వేసే గేదే నిండుగా పాలిస్తుంది



పాలకేంద్రంలో వెన్న శాతం పడిపోయిందని చీటీ వచ్చిందనుకోండి, మనలో చాలామంది ఏం చేస్తాం? ఇంకో కిలో దాణా పెంచుతాం. తవుడు, పత్తి చెక్క, మిగిలిన అన్నం, ఏది ఉంటే అది కుడితిలో కలుపుతాం. గేదె ఇష్టంగా తాగుతుంది. కడుపు నిండిపోయి గాట్లో గడ్డిని వదిలేస్తుంది. వారం తిరిగేసరికి వెన్న ఇంకా తగ్గుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో ఈరోజు చెప్పుకుందాం.

గేదెకైనా ఆవుకైనా పెద్ద పొట్టలో వంద లీటర్లకు పైగా పడుతుంది. ఆ పొట్ట నిండా కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. గడ్డిలోని పీచును పశువు తనంతట తాను అరిగించుకోలేదు. ఆ పని ఈ సూక్ష్మజీవులే చేస్తాయి. ఇడ్లీ పిండి పులిసినట్టు మేత అక్కడ పులుస్తుంది, ఆమ్లాలు పుడతాయి. పశువుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆ ఆమ్లాల నుంచే వస్తుంది. పీచు పులిసినప్పుడు ఎక్కువగా పుట్టేది ఎసిటిక్ ఆమ్లం. పాలలో వెన్న తయారయ్యేది ప్రధానంగా దాని నుంచే. అందుకే గడ్డి తగ్గితే వెన్న తగ్గుతుంది.

ఇక నెమరు సంగతి. మధ్యాహ్నం నీడన పడుకున్న గేదె మెడను కాసేపు గమనించండి. గొంతు వెంట ఒక ముద్ద కింది నుంచి పైకి జారడం కనిపిస్తుంది. దాన్ని 50, 60 సార్లు నమిలి మింగుతుంది. కొన్ని క్షణాలకే మరో ముద్ద వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పశువు రోజులో 6 నుంచి 8 గంటలు ఇదే పనిలో ఉంటుంది. నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది, పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్ల దాకా. ఆ లాలాజలంలో సహజంగానే సోడా ఉంటుంది. పొట్టలో పుల్లదనం మితిమీరకుండా అదే కాపాడుతుంది. పొడవైన పీచు పొట్ట గోడలకు గరుగ్గా తగిలితేనే నెమరు వస్తుంది. పిండి, తవుడు ఎంత పెట్టినా ఆ పని జరగదు.

పెళ్లిలో అన్నం మిగిలిందని బుట్టల కొద్దీ గేదెకు పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అంత అన్నం ఒక్కసారిగా పులిస్తే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. నెమరు ఆగిపోతుంది, పశువు మేత ముట్టదు, పుల్లటి వాసనతో నీళ్లలా పారుతుంది, లేవలేక పడిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పొరపాటున తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. వెంటనే పశువైద్యుడిని పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

మరి ఎంత మేపాలి? సుమారు 450 కిలోల బరువుండి, 8 లీటర్లు ఇచ్చే ముర్రా గేదెకు రోజుకు 20 కిలోల పచ్చిమేత, 4 కిలోల వరిగడ్డి, 4 నుంచి 5 కిలోల దాణా సరిపోతాయి. నీటి బరువు తీసేసి చూస్తే మూడింట రెండొంతులు మేత, ఒక వంతు దాణా అన్నమాట. ముందు గడ్డి వేయండి, ఆ తర్వాతే దాణా పెట్టండి. దాణాను ఒకేసారి కాకుండా రెండు మూడు పూటలుగా ఇవ్వండి. కొత్త దాణాకు మారాలంటే పది రోజులు తీసుకుని కొద్దికొద్దిగా మార్చండి. గడ్డిని ఒకటి రెండు అంగుళాల ముక్కలుగా కొట్టండి, పొడి చేయకండి. లేత నేపియర్‌లో నీరే ఎక్కువ, దానితో పాటు ఎండుగడ్డి తప్పక వేయండి.

వరిగడ్డి ఒక్కటే వేసినా చాలదు. అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే. సూక్ష్మజీవులకు నత్రజని అందకపోతే ఆ పీచు అరగదు. అందుకే వరి కోతకు ముందు తడి ఉండగానే పిల్లిపెసర, జనుము చల్లుకునే మన డెల్టా రైతుల పద్ధతి చాలా మంచిది. పచ్చిమేత లేనిచోట యూరియాతో గడ్డిని మాగబెట్టుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచండి. తీశాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి పెట్టండి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు. యూరియా నీళ్లు, యూరియా బస్తా ఏ పశువుకూ అందకుండా చూసుకోండి.

కోత మిషను వచ్చాక చాలాచోట్ల గడ్డిని పొలంలోనే తగలబెడుతున్నారు. ఆ మంటలో పోయేది మన పాల వెన్నే. బేలర్‌తో కట్టలు కట్టించి దాచుకోండి.

చివరిగా ఒక అలవాటు చేసుకోండి. రోజూ మేత తిన్నాక పశువులు పడుకున్న వేళ ఒకసారి పాకలోకి వెళ్లి చూడండి. సగానికి పైగా నెమరు వేస్తుండాలి. ఎడమ డొక్కలో పిడికిలి నొక్కి పట్టుకుంటే నిమిషానికి ఒకటి రెండుసార్లు పొట్ట కదలిక చేతికి తగలాలి. పేడ మరీ పలుచగా, బుడగలతో పడుతున్నా, అందులో అరగని గింజలు కనిపిస్తున్నా దాణా మీద చెయ్యి ఆపి గడ్డి పెంచండి. రెండు రోజుల్లో కుదుటపడకపోతే వైద్యుడికి చూపించండి.