ప్రపోజలు ఫారంపై సంతకం



బరంపురంలో మనం ఇంట మాట్లాడేది తెలుగు, బజారులో ఒడియా, సంతకం చేసేది మాత్రం తరచుగా ఇంగ్లీషు కాగితంపైన. జీవిత బీమా ప్రపోజలు ఫారం అటువంటిదే. ఆరోగ్యాన్ని గురించిన ప్రశ్నలన్నిటికీ ఏజెంటు "లేదు, లేదు" అని నింపుకుంటూ పోతాడు. మనం చివర సంతకం చేస్తాము. మధుమేహమో, పూర్వపు శస్త్రచికిత్సయో, మరొక కంపెనీలోని పాలసీయో అందులో చేరకపోతే, మరణానంతరం ఆ కాగితమే కుటుంబానికి ఎదురు నిలుస్తుంది.

చదవకుండా సంతకం చేశాడన్న వాదన సాధారణంగా చెల్లదని 2019లో రిలయన్స్ లైఫ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ పాలసీదారు దాచినది రోగం కాదు, మరొక పాలసీ ఉన్న సంగతి. సామాన్యునికి ఇది కఠినమైన తీర్పే. కనుక ఫారంలోని ప్రతి ప్రశ్ననూ తెలుగులో చెప్పించుకొని, జవాబులు సరిచూచిన పిదపనే సంతకం చేయండి. నింపిన ఫారం నకలు ఇంట ఉంచుకోండి.

అయితే కంపెనీ అధికారానికీ హద్దు ఉన్నది. బీమా చట్టం 45వ సెక్షను 2015 సవరణ ప్రకారం, మూడేళ్ళు నిండిన పాలసీని మోసం పేరిట కూడా ప్రశ్నించరాదు. ఆగిన పాలసీని పునరుద్ధరిస్తే ఈ గడువు మళ్ళీ మొదలవుతుంది. ఆ లోపల తిరస్కరిస్తే కారణాలను వ్రాతపూర్వకంగా తెలపాలి. మోసం కాక, ముఖ్యమైన వాస్తవాన్ని తెలపలేదన్నదే కారణమైతే, కట్టిన ప్రీమియంను 90 రోజులలో తిరిగి ఇవ్వాలి. మోసమని ఆరోపిస్తే, కాదని చూపే భారం కుటుంబంపైనే పడుతుంది. పాలసీ కుదిర్చిన ఏజెంటును కంపెనీ ఏజెంటుగానే భావించాలని కూడా ఆ సెక్షనులో ఉన్నది. రోగం సంగతి అతనికి చెప్పి ఉంటే ఆ మాట గట్టిగా ఎత్తవలసినదే.

సూరతు మరమగ్గాలకు వెళ్ళిన గంజాం కుటుంబాలకు మరొక మాట. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా క్రింద 2 లక్షలు రావాలంటే, మే నెలాఖరున ఖాతాలో 436 రూపాయలు ఉండాలి. లేకపోతే బీమా ఆగిపోతుంది. మళ్ళీ చేరినా, తొలి 30 రోజులలో ప్రమాద మరణానికి తప్ప సొమ్ము రాదు.

తిరస్కార పత్రం చేతికి వస్తే ముందుగా కంపెనీకే ఫిర్యాదు వ్రాయండి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరం కాకున్నా, ఏడాదిలోగా భువనేశ్వరంలోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు.